బజార్లో పలకరించని వదిన

మా వదిన భూదేవికి మాటలు రావనుకుంటే పప్పులో కాలేసినట్టే. కోరుట్లలో మా వాడకట్టు మొత్తం మీద ఆమె మాట్లాడినంత ఎవరూ మాట్లాడరు. మటన్ ధర, టీవీ సీరియల్లో కోడలి ఏడుపు, మా అన్న కుమార్ గురక, జగిత్యాల బస్సులో కిటికీ సీటు కోసం జరిగిన కొట్లాట, ఏది పట్టుకున్నా గంటసేపు వదలదు. కానీ ఇరవై రెండేళ్లుగా జగిత్యాలలో సర్కారు దవాఖాన నర్సుగా చేస్తున్న ఈ మహాతల్లి, దవాఖాన లోపలి సంగతి మాత్రం ఒక్క ముక్క బయటికి చెప్పదు. నాలాంటి ఆడబిడ్డకు ఇంతకంటే పెద్ద శిక్ష ఉంటుందా?

నా సంగతి కూడా ముందే చెప్పేస్తాను, దాచుకునేదేముంది. నా పేరు ప్రేమలత, లేడీస్ టైలర్ని. మా బాపు కిష్టయ్య తాళ్లెక్కి కల్లు గీసేవాడు, నేను కుట్టుమిషన్ ఎక్కాను. నా నోట్లో నువ్వుగింజ నానదు. జాకెట్ కుట్టించుకోవడానికి వచ్చిన ఆడవాళ్లు వాళ్ల ఇంటి ముచ్చట్లు నాకు చెప్తారు, నేను తరువాత వచ్చిన వాళ్లకు చెప్తాను. ఎవరికి నెల తప్పిందో వాళ్ల అత్తకంటే ముందు నా టేపుకే తెలుస్తుంది. అట్లాంటి నాకు దేవుడు అట్లాంటి వదినను ఇచ్చాడు.

ఊళ్లో ఎవరింట్లో సంబంధం కుదురుతున్నా ఎంక్వైరీకి ముందుగా మా వదిన గడపే తొక్కుతారు. పిల్లగాడికి షుగర్ ఉందా, పిల్లకు ఫిట్స్ వస్తాయా, వియ్యపురాలికి ఆ ఆపరేషన్ ఎందుకు జరిగింది, అంతా కావాలి జనానికి. వదిన కుర్చీ వేస్తుంది, అల్లం దంచి చాయ్ పెడుతుంది, పిల్లల చదువులు అడుగుతుంది. వాళ్లు మెల్లగా అసలు మాటకు రాగానే నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని ఒకే ఒక్క ముక్క చెప్తుంది.

“దవాఖాన ముచ్చట్లు దవాఖానల్నే ఉంటయక్కా. నాతోని బస్సెక్కయి.”

అంతే. అవునని అనదు, కాదని అనదు. వచ్చినవాళ్లు చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, మొఖం వేలాడేసుకుని వెళ్లిపోతారు.

ఇంతకంటే వింత ఇంకోటుంది. వదినతో కూరగాయల మార్కెట్టుకు పోతే నాకు తల తీసేసినట్టుంటుంది. ఎదురుగా ఒకామె వస్తుంది. ఆపరేషనప్పుడు వారం రోజులు వదినే దగ్గరుండి చూసుకున్న మనిషని నాకు తెలుసు, ఆమే నా దుకాణంలో కూర్చుని చెప్పింది. వదిన మాత్రం ఆమెను చూడగానే టక్కున టమాటాల గంప మీదికి వంగుతుంది. టమాటాలను పెళ్లిచూపుల్లో పిల్లను చూసినట్టు తిప్పి తిప్పి చూస్తుంది. ఆ మనిషి తనంతట తాను “సిస్టర్, బాగున్నరా?” అంటే మాత్రం పట్టరాని సంతోషంతో చేతులు పట్టుకుంటుంది. వాళ్లు పలకరించకుండా పోయారా, ఈమె చచ్చినా పలకరించదు. రెండు టమాటాలు కొనడానికి పావుగంట పడుతుంది మాకు.

“గంత పొగరేంది వదినా నీకు?” అని ఒకసారి అడిగేశాను.

“పొగరు గాదే. ఆమె పక్కన ఎవలున్నరో చూసినవా? అత్త. ‘గీ సిస్టర్ నీకెట్ల తెలుసు, దవాఖానకు ఎందుకు వోయినవ్’ అని గామె అడిగితే పాపం ఏం చెప్తది? వాళ్లు పలకరిస్తే నేను పలుకుత. ముందుగాల మాత్రం పలకరియ్య.”

ఈ నియమం ఎక్కడిదో చాలా ఏళ్ల తరువాత, అదీ మా అన్న నోట విన్నాను. వదినది చందుర్తి. నర్సింగు చదువు అయిపోగానే సిరిసిల్లలో ఒక చిన్న ప్రైవేటు దవాఖానలో చేరిందట. ఇరవై రెండేళ్ల పిల్ల, కొత్త ఉద్యోగం, తెల్ల బట్టలు, ఉత్సాహం ఆగలేదు. ఒక సాయంత్రం సిరిసిల్ల బస్టాండులో ఎల్లారెడ్డిపేట బస్సు కోసం నిల్చున్న ఒక కొత్త కోడలు కనపడింది. ముందు వారమే దవాఖానకు వచ్చిన మనిషి. ఈమె ప్రేమగా దగ్గరికెళ్లి “ఏమ్మా, గోళీలు ఏసుకుంటున్నవా?” అని అడిగింది. పక్కనున్న అత్త తల తిప్పి “ఏం గోళీలు?” అంది. ఆ పిల్లను మూడు నెలలు తల్లిగారింట్లో కూర్చోబెట్టారట. వదిన వెతుక్కుంటూ ఆ తల్లిగారి ఊరికి వెళ్లి వాకిట్లో నిలబడితే, ఆ పిల్ల తలుపు తీయలేదట. ఏం గోళీలో మాత్రం మా అన్నకు కూడా ఈ రోజు వరకు తెలియదు.

సరే, ఇక నా ఇంటికొస్తాను. ఇప్పుడు చెప్పబోయేది మా బిడ్డ అక్షిత సంగతి. దాన్ని అడిగి, అది సరేనన్నాకే చెప్తున్నాను. ఇట్లా అడగడం నాకు ఈ మధ్యే అలవాటైంది.

రెండేళ్ల కింద ఒక ఆదివారం వదిన అక్షితకు తలకు నూనె పెడుతోంది. మెడ దగ్గర వేళ్లు ఆగిపోయాయి. అక్కడో చిన్న గడ్డ. నేను రోజూ జడ వేసే తల్లిని, నాకు కనపడలేదు. మర్నాడే జగిత్యాల తీసుకుపోయింది. పరీక్షలు చేశారు. టీబీ. ఊపిరితిత్తుల్లో కాదు, మెడ గ్రంథిలో. ఎవరికీ అంటదు, ఆరు నెలలు గోళీలు మింగితే పోతుందని డాక్టరు నెమ్మదిగా చెప్పాడు. నాకు మాత్రం ఆ రెండక్షరాలు తప్ప ఇంకేం వినపడలేదు. ఇంటికి రాగానే వదిన చెయ్యి పట్టుకుని ఏడ్చాను.

“ఒట్టెయ్యి వదినా. అన్నకు గూడ చెప్పనని ఒట్టెయ్యి.”

వదినకు కోపం వచ్చింది. “ఒట్టెందుకే? నౌకరిల చేరిన్నాడే ఏసిన.”

ఆ ఆరు నెలలూ పొద్దున బస్సుకు పోతూ మా గేటు దగ్గర ఆగేది. “అక్షితా, పోతున్ననే!” అని కేకేసేది. లోపల్నుంచి “మంచిది అత్తమ్మా!” అని జవాబు వస్తే గోళీ మింగినట్టు. రాకపోతే బస్సు పోయినా సరే కదిలేది కాదు. మేనకోడలంటే ఎంత ప్రేమో అని వాడకట్టంతా మెచ్చుకుంది. ఆరు నెలలకు గడ్డ కరిగింది, పరీక్షల్లో పూర్తిగా నయమైందని తేలింది. నాకు, మా ఆయనకు, వదినకు తప్ప మా అన్నకు కూడా తెలియలేదు, నా దుకాణానికి వచ్చే ఏ నోటికీ తెలియలేదు. నేను మాత్రం ఆ మేలును ఆర్నెల్లు తిరక్కముందే మరిచిపోయాను, అదీ నా గొప్ప.

పోయిన మాఘంలో సంబంధం వచ్చింది. కొమురయ్య అని మాకు దూరపు చుట్టం, సంబంధాలు చూస్తుంటాడు, ఆయన తెచ్చాడు. పిల్లగాడి పేరు హరిప్రసాద్. గొల్లపల్లి వాళ్లు, జగిత్యాలలో డ్రిప్పు పైపుల దుకాణం. చూడ్డానికి వచ్చారు. పిల్లగాడు బాగున్నాడు, మాట మెత్తన. అక్షిత బడిలో పిల్లలకు లెక్కలు చెప్తుంది, ఆ లెక్కల టీచరమ్మ మొఖంలో మొదటిసారి సిగ్గు చూశాను. ఆహా, కుదిరిందిలే అని లోపల్లోపల పొంగిపోతున్నాను.

అప్పుడు వదిన చాయ్ పళ్లెం పట్టుకుని వచ్చింది. పిల్లగాడి తండ్రిని “బస్సుల అచ్చిండ్రా, కార్ల అచ్చిండ్రా?” అని అడిగింది. తల్లితో చీర బాగుందంది. పిల్లగాడి పెద్దమ్మ సారక్కతో రెండు నిమిషాల్లో చుట్టరికం కలిపేసింది. పిల్లగాడి ముందుకు వచ్చేసరికి మాట ఆగింది. చాయ్ గ్లాసు అందించి, గోడ మీది క్యాలెండర్‌లో తిథి వారం చదవడం మొదలుపెట్టింది. ఆ పిల్లగాడు కూడా తల వంచుకున్నాడు.

ఆ చూపు నాకు తెలుసు. అది టమాటాల గంప చూపు.

వాళ్లు వెళ్లగానే వదిన వెనకాలే వాళ్లింటికి పోయాను. అన్న టైర్ల దుకాణం నుంచి ఇంకా రాలేదు.

“చెప్పు వదినా. ఆ పిలగానికి ఏం రోగం?”

“ఎవలకు?”

“నాటకాలు జెయ్యకు. వాడు నీకు తెలుసు. దవాఖానకు అచ్చిండు. ఏంది వాని రోగం?”

“దవాఖాన ముచ్చట్లు దవాఖానల్నే ఉంటయి ప్రేమా.”

“నాకు గూడనా? ఊరోళ్లకు చెప్పే మాట నాకు చెప్తున్నవా? నా బిడ్డ బతుకు వదినా! నీ బిడ్డయితే గిట్లనే నోరు మూసుకుంటవా?”

“నా బిడ్డయినా గంతే. నీకేమన్న తెలుసుకోవాల్నని ఉంటే పోయి పిలగాన్నే అడుగు.”

“మొఖం మీద అడుగుతరా ఎవలన్న?”

“మరి ఎనక అడుగుతరా?”

ఒళ్లు మండిపోయింది నాకు. “నువ్వు చెప్పేదేంది, నీ మొఖమే చెప్పింది. అందర్ని పలకరించి వాన్ని ఒక్కన్నే ఇడిసిపెట్టినవ్. ఎవల్ని పలకరియ్యవో వాళ్లు నీ దవాఖానోళ్లే!”

ఆ మాటకు వదిన చేతిలో గ్లాసు టక్కున పీట మీద పెట్టింది. మొఖం పాలిపోయింది. “నా మొఖం ఏం చెప్పలే. నువ్వే సదువుకున్నవ్” అంది, గొంతులో మాత్రం జోరు లేదు. నేను చెప్పులు తొడుక్కుని విసవిసా వచ్చేశాను.

ఇంటికొచ్చి అక్షితకు తేల్చి చెప్పాను. సంబంధం వద్దు, ఆదివారం కొమురయ్యకు కబురు పెట్టేస్తానని. అది నా మొఖంలోకి చూసి “నాకు నచ్చిండమ్మా” అంది. అంతే, ఇంకో మాట లేదు. ఇరవై నాలుగేళ్లలో ఆ పిల్ల నన్ను ఇది కావాలని అడిగింది లేదు. ఇప్పుడు అడిగింది, నేను కాదంటున్నాను. మూడు రోజులు మిషన్ మీద సూదులు విరగ్గొట్టుకుంటూ కూర్చున్నాను.

శనివారం సాయంత్రం ఆగలేక మళ్లీ వదిన ఇంటికి పోయాను. ఈసారి కాళ్లు పట్టుకోనైనా నిజం లాగుదామని. వంటింట్లో వదిన అల్లం దంచుతుంటే నేను నోరు తెరవబోయాను, ఇంతలో వాకిట్లో కొమురయ్య గొంతు వినపడింది. తలుపు సందులోంచి చూశాను. ఆయన వెంట సారక్క. నేను వంటింట్లోనే నక్కాను, వదిన చాయ్ తీసుకుని బయటికి పోయింది.

చాయ్ తాగారు. పిల్లల చదువులయ్యాయి. సారక్క కుర్చీ ముందుకు జరుపుకుంది.

“నువ్వు ఇంటి మనిషివి, పైంగ నర్సువు. నీ దగ్గర దాసుడెందుకు భూదేవమ్మా. మీ అక్షితను రెండేండ్ల కింద నెలనెలా జగిత్యాల దవాఖానల చూసిన్నని ఒకామె అన్నది. ఏమన్న ఉన్నదా? మావోడు అమాయకుడు. ఒక్క ముక్క చెప్పు సాలు.”

కొంగు నోట్లో కుక్కుకున్నాను. లేదని చెప్పు వదినా, ఏం లేదని చెప్పు, నీ మేనకోడలే కదా, ఒక్క అబద్ధం ఆడితే ఏం పోతుంది! ఊళ్లో ఉన్న దేవుళ్లందరికీ మొక్కాను.

వదిన గొంతు ఎప్పటిలాగే వినపడింది. “దవాఖాన ముచ్చట్లు దవాఖానల్నే ఉంటయక్కా. నాతోని బస్సెక్కయి.”

“అంటే ఉన్నట్టేనా?” అంది సారక్క.

అచ్చం నా గొంతే. మూడు రోజుల కింద నేను ఇదే ఇంట్లో నిలబడి అడిగిందే.

“ఉన్నదన్నా తప్పే, లేదన్నా తప్పే అక్కా” అంది వదిన. “ఇయ్యాల ఒకలకు లేదన్ననే అనుకో. రేపు ఇంకొకల గురించి అడిగితే నేను చెప్పనంటే, వాళ్లకు ఉన్నట్టే గదా? గందుకే అందరికి ఒక్కటే మాట. రేపు మీ ఇంటోళ్ల గురించి ఎవలన్న గిదే కుర్చీల కూసోని అడిగినా గిదే మాట చెప్త. మీకు ఏమన్న అడగాల్ననుకుంటే పిల్లనే అడుగుండ్రి. దాని నోరు దానికున్నది.”

సారక్క గ్లాసు కింద పెట్టింది. కొమురయ్య గొంతు సవరించుకున్నాడు. ఇద్దరూ లేచి వెళ్లిపోయారు.

నేను బయటికొచ్చి సారక్క కూర్చున్న కుర్చీలోనే కూలబడ్డాను. సిగ్గేసింది. నిజంగా సిగ్గేసింది. గురివింద గింజ తన కింద నలుపు ఎరగదంటారు, ఆ గింజను నేనే. నా బిడ్డ సంగతి రెండేళ్లుగా కడుపులో పెట్టుకున్న మనిషి దగ్గరికెళ్లి, ఇంకో తల్లి బిడ్డ సంగతి బయట పెట్టమని కొట్లాడాను. వదిన నోరు జారే మనిషే అయితే ముందు మునిగేది నా కొంపే.

“కూసో, నీకు గూడ చాయ్ తెస్త” అంది వదిన. తెచ్చింది. పక్కన కూర్చుంది.

“నువ్వన్నది నిజమే ప్రేమా” అంది నెమ్మదిగా. “నోరు కట్టేసుకున్న, మొఖం సంగతి యాదిమరిచిన. సిరిసిల్ల బస్టాండుల పలకరించి ఒక పిల్లను ముంచిన. గీడ పలకరియ్యక ఇంకొకల్ని ముంచుతున్ననేమోనని మూడు రోజుల సంది నిద్ర లేదు.”

ఆమె కళ్లలో నీళ్లు నేను అంతకుముందెన్నడూ చూడలేదు. చాయ్ అంతా ఒక్క గుక్కలో తాగి నాలుక కాల్చుకున్నాను.

ఇంటికి పోయి అక్షితకు జరిగిందంతా చెప్పాను. అది నవ్వింది. “నేనే చెప్పాల్ననుకుంటున్ననమ్మా. దాసి పెండ్లి చేసుకునుడు నాతోని గాదు. నువ్వే చెప్పనియ్యకపోతివి.” కొమురయ్యకు ఫోన్ చేశాను, వద్దని చెప్పడానికి కాదు, పిల్లలిద్దరూ ఒకసారి మాట్లాడుకుంటారని చెప్పడానికి.

మంగళవారం జగిత్యాలలో ఒక జ్యూస్ దుకాణంలో కూర్చున్నారు. నేను తోడు పోయాను, దూరంగా ఇంకో టేబుల్ దగ్గర. మాటలు వినపడవు, అదొక నరకం. అక్షిత మెడ దగ్గర వేలు పెట్టి ఏదో చూపించింది. పిల్లగాడు విన్నాడు. తరువాత అతను మాట్లాడాడు, తల వంచుకుని, చాలాసేపు. అక్షిత వింది. నా బత్తాయి జ్యూస్‌లో ఐసు కరిగి నీళ్లైంది. చివరికి ఇద్దరూ ఒకరి మొఖం ఒకరు చూసుకుని పకపకా నవ్వారు.

బస్సెక్కగానే పట్టుకున్నాను. “ఏం చెప్పిండే?”

“అది ఆయన ముచ్చట, అమ్మా.”

“నేను నీ తల్లినే!”

“ఆయన తల్లివి గాదు గదా.” కిటికీలోంచి చూస్తూ నవ్వింది. “పెండ్లికి అడ్డమచ్చేదేం గాదు. నేను చేసుకుంటున్న. గంతే.”

కోరుట్ల దాకా నాకు కడుపుబ్బరం. వదిన ఒక్కతే అనుకుంటే నా ఇంట్లోనే ఇంకొకతె తయారైంది.

వైశాఖంలో లగ్గం. గొల్లపల్లి వాళ్లు, కోరుట్ల వాళ్లు, ఫంక్షన్ హాలు కిటకిటలాడింది. తలంబ్రాలయ్యాయి, ఫొటోలవుతున్నాయి. వదిన కొత్త చీరలో స్టేజీ మీదికి వచ్చింది. పెళ్లికొడుకు దగ్గరికి రాగానే మళ్లీ చూపు తిప్పుకుని పూల దండలు సర్దడం మొదలుపెట్టింది. అయ్యో, మళ్లీ టమాటాలే అనుకున్నాను.

హరిప్రసాద్ కుర్చీలోంచి లేచాడు. బాసికంతో, పెద్ద దండతో, చేతులు జోడించాడు. హాలంతా వినపడేటట్టు గట్టిగా అన్నాడు.

“నమస్తే సిస్టర్! నన్ను గుర్తువట్టిండ్రా?”

వదిన దండలు వదిలేసి ఆ పిల్లగాడి రెండు చేతులూ పట్టుకుంది.

“ఎందుకు గుర్తువట్టలే కొడుకా! మొదటినాడే గుర్తువట్టిన. ఎట్లున్నవ్? మంచిగున్నవా? తింటున్నవా మంచిగ?” మాటలు ఆగడం లేదు. నవ్వుతోంది, కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది, మళ్లీ ఎట్లున్నవ్ అని అడుగుతోంది. ఫొటోగ్రాఫర్ పక్కకు జరగమన్నా జరగలేదు.

నాకు అప్పుడు అర్థమైంది. ఇన్నేళ్లూ ఆమెకు పలకరించాలని లేదని అనుకున్నాను. కాదు. బజార్లో కనపడిన ప్రతి మనిషినీ ఎట్లున్నవని అడగాలని ఆమెకు ప్రాణం కొట్టుకుంటుంది. వాళ్లు పిలిస్తే బాగుండునని ఆ టమాటాలు పట్టుకుని పావుగంట నిలబడుతుంది. ఒక్కరోజైనా ఆమె కోసం ఓపిగ్గా పక్కన నిలబడ్డానా నేను? తొందరగా నడువమని సంచి లాగేదాన్ని.

సారక్క నా పక్కకు చేరి మోచేత్తో పొడిచింది. “వియ్యపురాలా, మావోడు భూదేవమ్మకు ఎట్ల తెలుసు? ఏం ముచ్చట?”

ఆమెకు తెలియదన్నమాట! నాకు మాత్రం తెలుసు. లగ్గానికి పది రోజుల ముందు అల్లుడే మా ఇంటికొచ్చి, నన్నూ మా ఆయన్నూ కూర్చోబెట్టి, తనంతట తానే అంతా చెప్పాడు. హాలునిండా చుట్టాలు, చెవి చాచిన సారక్క, నా చేతిలో అసలైన కబురు. జీవితంలో ఇంత మంచి అవకాశం మళ్లీ రాదు.

“చాయ్ తాగుతవా అక్కా?” అన్నాను. “అల్లం ఏసి పెట్టిస్త.”

మీరూ అడగకండి. నా నోట్లో ఈ ఒక్క నువ్వుగింజ మాత్రం ఇంకా నానుతూనే ఉంది.